ముందు చెయ్యి చూడు, ఆ తర్వాత సూది తియ్యి

కిందటి శివరాత్రికి నాలుగు రోజుల ముందు నరసరావుపేటలో మా షాపుకి ఒక పెద్దావిడ మనవణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. కుర్రాడికి ముంజేతి మీద ‘అమ్మ’ అని రాయించుకోవాలని కోరిక. స్టెన్సిల్ అంటించబోతుంటే ఆవిడ తన చెయ్యి కూడా బల్ల మీద పెట్టి, “అబ్బాయ్, ఇది కాస్త దిద్దిపెడతావా?” అంది. చిన్నతనంలో కోటప్పకొండ తిరనాళ్లలో ఎరుకలామె పొడిచిన పచ్చబొట్టట. తులసికోట అని ఆవిడ చెబితేగానీ నాకు అర్థం కాలేదు. గీతలు ఒకదాన్నొకటి తాకి, నీలం మరక ఒకటి మిగిలింది.

ఒకే బల్ల మీద రెండు చేతులు. కుర్రాడు జిన్నింగ్ మిల్లులో బేళ్లు మోస్తాడు, సెలవు దొరికితే పొలంలో మందు కొడతాడు. ముంజెయ్యి ఎండకు కమిలి గట్టిపడింది. ఆవిడ చర్మం ఉల్లిపొర. రెండు వేళ్లతో మెల్లగా పట్టి వదిలితే లేచిన మడత కాసేపటిదాకా అణగలేదు. ఇద్దరికీ ఒకే సూది తీస్తే ఎవరో ఒకరి చెయ్యి చెడిపోతుంది.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఫోన్లో బొమ్మ చూసి సూది ఎంచుకుంటున్నారు. బొమ్మ రెండోది. మొదట చెయ్యి చూడాలి. టైలర్‌ని అడగండి, వాయిల్ జాకెట్టుకి 11 నంబరు సూది ఎక్కిస్తాడు, జీన్స్‌కి 18 ఎక్కిస్తాడు. కస్టమర్ ఏ డిజైన్ అడిగినా ముందు బట్టను వేళ్ల మధ్య నలిపి చూస్తాడు. మనమూ అంతే.

దారం కట్ట నుంచి కాట్రిడ్జ్ దాకా

మన వైపు పచ్చబొట్టు ఎరుకల ఆడవాళ్ల విద్య. సోది చెప్పినట్టే, బుట్టలు అల్లినట్టే ఊరూరా తిరిగి ఇదీ చేసేవారు. కొరవ స్త్రీలు, అంటే మనం ఎరుకలవాళ్లని పిలిచేవాళ్లు, కుట్టుసూదులు కొన్ని కలిపి కట్టి, దీపపు మసితో చేసిన రంగును చర్మంలోకి ఎక్కించే తీరును ఆంగ్లేయ పరిశోధకుడు ఎడ్గార్ థర్‌స్టన్ 1906లో అచ్చయిన తన పుస్తకంలో రాసిపెట్టాడు. సరిగ్గా అంతకు 15 ఏళ్ల ముందు, 1891లో, న్యూయార్క్‌లో శామ్యూల్ ఓరైలీ పచ్చబొట్టు మిషన్‌కి పేటెంటు తీసుకున్నాడు. ఎడిసన్ కాగితానికి చిల్లులు పొడవడానికి చేసిన విద్యుత్ కలం దానికి మూలం.

ఈ చరిత్ర ఎందుకంటే, మిషన్ మారినా సూది కట్ట మారలేదు. ఇవాళ మనం లైనర్ అంటున్నది ఆ ఎరుకలామె చేతిలోని కట్టే. దారం పోయి టంకం వచ్చింది. ఇంకు సూది లోపలి నుంచి రాదు, సూదికీ సూదికీ మధ్య సందులో నిలబడి, పొడిచినప్పుడు చర్మంలోకి దిగుతుంది. ఆ సందు ఎంత ఉండాలన్నదే సూది ఎంపికలో సగం.

డబ్బా మీద అంకె

షాపులో “లైనర్ ఇవ్వండన్నా” అని అడగకండి. అంకె చెప్పి అడగండి. డబ్బా మీద 1207 ఆర్.ఎల్. అని ఉందనుకుందాం. ముందున్న 12 ఒక్కో సూది మందం, అంటే 0.35 మిల్లీమీటర్లు. అక్కడ 10 ఉంటే 0.30, 08 ఉంటే 0.25. సన్న రకాలను పనివాళ్లు బగ్‌పిన్ అంటారు. తర్వాతి 07 కట్టలో ఎన్ని సూదులున్నాయో చెబుతుంది. చివరి అక్షరాలు వాటిని ఎలా పేర్చారో చెబుతాయి.

ఆర్.ఎల్., అంటే రౌండ్ లైనర్. సూదులు గుండ్రంగా, మొనలు దగ్గరికి చేరి ఉంటాయి. గీతకు ఇది. ఆర్.ఎస్., అంటే రౌండ్ షేడర్. అదే గుండ్రం, కాని మొనలు విడివిడిగా ఉంటాయి. చిన్న చోట్ల నింపడానికి, చుక్కలతో నీడ తేవడానికి. మాగ్నమ్‌లో సూదులు రెండు వరసల్లో, దువ్వెన పళ్లలా ఉంటాయి. పెద్ద చోట్ల నీడకు, రంగుకు అది. మాగ్నమ్‌లోనే మొనలు విల్లులా వంపు తిరిగినదాన్ని కర్వ్‌డ్ మాగ్ అంటారు. దాని మూలలు చర్మాన్ని కోయవు. కొత్తవాళ్లు మాగ్ కొనేట్టయితే ఈ వంపుదే కొనుక్కోండి.

డబ్బా మీద మరో మాట ఉంటుంది, టేపర్. సూది ఒళ్లు ఎక్కణ్ణుంచి సన్నబడి మొనకు చేరుతుందన్న లెక్క. లాంగ్ టేపర్ అంటే కోసుగా చెక్కిన పెన్సిల్. రంధ్రం చిన్నది పడుతుంది, ఒక్కో పోటుకు దిగే ఇంకు తక్కువ. షార్ట్ టేపర్ అంటే మొద్దు పెన్సిల్. రంధ్రం పెద్దది, ఇంకు ఎక్కువ, నలుగుడూ ఎక్కువే. చేతికి పని తెలిసేదాకా గీతలకు లాంగ్ టేపర్ పట్టుకోండి. చెయ్యి ఒకసారి తడబడినా క్షమిస్తుంది.

మొదటి నెల అన్నీ కొనక్కర్లేదు. 1203, 1205, 1207, 1209 ఆర్.ఎల్.లు, ఒక 1207 ఆర్.ఎస్., 9, 15 సైజుల కర్వ్‌డ్ మాగ్‌లు ఉంటే మన ఊళ్లలో వచ్చే పనిలో చాలా భాగం గట్టెక్కుతుంది. బగ్‌పిన్‌లు, రంగు బాగా పట్టడానికి గరుకు చేసిన సూదులు ఆ తర్వాత సంగతి.

ఈ నేల మీద నాలుగు చేతులు

మా షాపుకి వచ్చే చేతులను నేను నాలుగుగా విడదీసుకున్నాను. పుస్తకంలో దొరికే లెక్క కాదిది, బల్ల ముందు కూర్చుని నేర్చుకున్నది.

మొదటిది ఎండ చెయ్యి. రైతు, కూలీ, ట్రాక్టర్ డ్రైవర్, మిర్చి యార్డు హమాలీ. ముంజేతి పైవైపు చర్మం మందంగా, నల్లగా, పాత గీరుళ్లతో ఉంటుంది. దీనికి 0.35 మందంలో 7 గానీ 9 గానీ లైనర్. ఇక్కడ 3 లైనర్‌తో సన్న గీత గీస్తే పని ముగిసేటప్పటికి ముచ్చటగానే ఉంటుంది, రెండు మూడు ఎండాకాలాలు గడిచాక వెతుక్కోవాలి. సన్న గీతే కావాలని పట్టుబడితే, ఎండ తగలని ముంజేతి లోపలి వైపుకి ఒప్పించండి.

రెండోది నీడ చెయ్యి. కాలేజీ పిల్లలు, ఆఫీసు వాళ్లు. చర్మం మెత్తగా, సమంగా ఉంటుంది. 3, 5 లైనర్లు, బగ్‌పిన్‌లు ఇక్కడే పనికొస్తాయి. కాని మణికట్టు లోపల, మోచేతి మడతలో, చీలమండ దగ్గర ఈ చర్మం పలచన. అక్కడ ఇంకు పక్కలకు పాకుతుంది.

మూడోది ముసలి చెయ్యి. పలచటి చర్మం గదా అని అందరూ 3 లైనరే తీస్తారు. అక్కడే పొరపాటు. రెండు మూడు సూదుల కట్ట చాకు మొనలా పనిచేస్తుంది, ఉల్లిపొరని కోసేస్తుంది. 5 గానీ 7 గానీ అయితే పోటు బరువు పంచుకుంటుంది. లోతు తగ్గించి, మిషన్ జోరు తగ్గించి, చర్మాన్ని లాగీ లాగనట్టు పట్టుకోవాలి.

నాలుగోది మచ్చ చెయ్యి. కాలిన మచ్చ, కుట్ల మచ్చ, పాత దెబ్బ. మచ్చ మీద ఇంకు ఒకచోట పడుతుంది, ఒకచోట పడదు. ఏడాది నిండని మచ్చ జోలికి వెళ్లకండి. పైకి ఉబ్బి, మొదట తగిలిన దెబ్బ హద్దు దాటి పెరిగిన మచ్చ ఒంటి మీద ఎక్కడ కనిపించినా అది కీలాయిడ్ గుణం. ఛామనఛాయ, నలుపు ఒళ్లలో అది ఎక్కువ. అలాంటి వాళ్లకు ఏ సూదీ మంచిది కాదు.

ఒంటి రంగు గురించి ఒక మాట. నల్లటి చర్మం మీద ఇంకు కనపడ్డం లేదని లోతు పెంచే అలవాటు మన వాళ్లలో ఉంది. కనపడనిది పోటు చాలక కాదు. ఇంకు పైన మనిషి సొంత రంగు పొర ఒకటి ఉంటుంది, మన గీత దాని కిందినుంచి కనపడాలి. నిబ్బరమైన నలుపు గీత, గీతల మధ్య ఖాళీ, ఈ రెండే అక్కడ పనిచేస్తాయి. అదే చోట ఐదుసార్లు తిప్పితే మిగిలేది గడ్డకట్టిన మచ్చ.

రెండు మిల్లీమీటర్ల లోపల

చర్మం పై పొర ఒంటిలో చాలాచోట్ల మిల్లీమీటరులో పదో వంతు. అది ఎప్పటికప్పుడు రాలి కొత్తది వస్తుంది, అక్కడ ఆగిన ఇంకు దాంతోపాటే పోతుంది. దాని కింది పొరలో నిలిచిందే పచ్చబొట్టు. చోటును బట్టి పైనుంచి ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్లు, మహా అయితే రెండు. అది దాటితే కొవ్వు. అక్కడ ఇంకును పట్టి ఉంచేదేమీ లేదు, నీళ్లలో పడ్డ సిరా చుక్కలా పాకిపోతుంది. దీన్ని బ్లోఅవుట్ అంటారు.

నేర్చుకునే రోజుల్లో నేనూ ఒకటి చేశాను. మిరప రైతు ఒకాయన మణికట్టు లోపలి వైపు కూతురి పేరు అడిగాడు. ముంజేతి పైవైపు ఆయన చర్మం ఎంత గట్టిగా ఉందో చూసి, లోపలి వైపూ అంతే ఉంటుందనుకున్నాను. 3 లైనర్ తీసి గట్టిగా దించాను. మర్నాటికి పేరు చుట్టూ నీలి నీడ కమ్ముకుంది. ఆయన ఒక్క మాట కూడా అనలేదు. ఆ తర్వాత ఎప్పుడు కనపడినా పొడుగు చేతుల చొక్కానే. నేర్పే గురువు పక్కన ఉన్నా చెయ్యి పట్టి చూడమని చెప్పలేదు, నేనూ అడగలేదు. ఒకే మనిషి ఒకే చేతిలో రెండు చర్మాలు ఉంటాయని నాకు నేర్పింది ఆ చొక్కా.

లోతు కొలవడానికి చెయ్యాల్సింది ఇంతే. మిషన్ ఆన్ చెయ్యకముందు సూదిని పూర్తిగా బయటికి నొక్కి, గొట్టం అంచు నుంచి ఎంత వచ్చిందో స్కేలు పెట్టి చూడండి. ఎక్కువ బయట పెట్టుకుని చేత్తో ఆపుకునే పనివాళ్లున్నారు. ఆ ధైర్యం ఏళ్ల మీద రావాలి. మొదట్లో రెండు మిల్లీమీటర్ల దగ్గర కట్టేసుకోండి. అరటిపండు మీద సాధన చెయ్యండి. గీత గీశాక తొక్క ఒలిచి చూస్తే, గుజ్జు మీద చుక్కలు పడ్డాయంటే చెయ్యి బరువెక్కిందన్నమాట. తర్వాత బత్తాయి, ఆ తర్వాత రబ్బరు చర్మం, ఆఖర్న మనిషి.

మనిషి దగ్గర మూడు సంకేతాలు చూసుకోండి. ఇంకు తుడిస్తే గీత కూడా పోతోందా, పైపైనే ఉన్నారు. గీత వెంబడి రక్తం ఊరుతోందా, దిగిపోయారు. గీత చుక్కలు చుక్కలుగా పడుతోందా, మిషన్ కంటే చెయ్యి పరిగెత్తుతోంది. వోల్టేజి అంకె మాత్రం స్నేహితుణ్ణి అడిగి తెచ్చుకోకండి. మిషన్ మిషన్‌కీ అది వేరు. కుట్టు మిషన్‌లో తొక్కుడికీ గుడ్డ లాగుడికీ పొత్తు కుదిరినట్టు, మీ మిషన్ జోరూ మీ చెయ్యీ కుదిరిన చోటే మీ అంకె.

గీతకు సూదిని దాదాపు నిటారుగా, మాగ్‌ని కొంచెం వాల్చి పట్టుకోవాలి. చర్మాన్ని మూడు వైపులకు లాగి పట్టడం సగం పని. వదులు చర్మం మీద ఎంత మంచి సూదైనా ఎగిరెగిరి పడుతుంది. మత్తు క్రీము రాసుకొచ్చిన వాళ్ల చర్మం ఉబ్బి, పట్టు మారి ఉంటుంది. మామూలు చెయ్యి లెక్క దాని మీద వెయ్యకండి.

తెలుగు అక్షరం గుండ్రన, పొట్ట చిన్నది

మన దగ్గర సగం పని పేర్లే. అమ్మ, నాన్న, పిల్లలు, దేవుడు. ఇంగ్లీషు అక్షరాల కోసం చెప్పిన సూది లెక్క తెలుగుకు సరిపోదు. మన అక్షరాలన్నీ పొట్టలు, సున్నలు, ఒత్తులు. ఏ గీతైనా ఏళ్లు గడిచేకొద్దీ కొంచెం లావెక్కుతుంది. ఆ లావు పొట్టలోకే వస్తుంది. ‘ధ’ పొట్టలో చిన్న మరక పడితే ‘థ’ అవుతుంది. ‘ధ’ కింది గీత సరిగా ఎక్కకపోతే ‘ద’ అవుతుంది. సున్న పూడుకుపోతే వట్టి చుక్క. ‘లక్ష్మి’లో క్ష కింద మ ఒత్తు ఉంది, అంత ఇరుకులో 7 లైనర్ పెడితే అయిదేళ్లకు అక్కడ నల్ల ముద్ద.

నా లెక్క ఇది. ఒత్తులున్న పేరైతే అక్షరం ఎత్తు సెంటీమీటరుకు తగ్గనివ్వను, తలకట్టూ ఒత్తూ కాక. సెంటీమీటరు అక్షరానికి 3 గానీ 5 గానీ, రెండు సెంటీమీటర్లు దాటితే 7. ఎండ చేతికి సన్న సూది నిలవదు, లావు సూదికి చిన్న అక్షరం ఆగదు. అందుకే ఎండ చేతికి పేరు పెద్దదిగానే రాయాలి. చోటు లేదంటే పేరు కుదించమనండి. సూదిని కుదించకండి.

ఇంకొకటి. పేరు వాళ్ల చేతే కాగితం మీద రాయించి, కింద సంతకం పెట్టించుకోండి. ఫోన్లో టైపు చేసిన తెలుగులో ఒత్తు విడిపోయి పక్కకు పడుతుంది, దాన్నే స్టెన్సిల్ తీసిన వాళ్లున్నారు. దిద్దడానికి ఇది పలక కాదు.

తాలు సూది

మిర్చి యార్డులో టిక్కీ, అంటే మిరప బస్తా, విప్పగానే చేసే మొదటి పని గుప్పెడు కాయ తీసి తాలు చూడటం. పైన ఎర్రగా నిగనిగలాడినా మధ్యలో తాలు కాయ ఉంటే ధర పడిపోతుంది. సూదికీ ఆ చూపు కావాలి. గడియారాల రిపేరు వాళ్లు కంటికి పెట్టుకునే భూతద్దం, పదింతలు చూపించేది, ఒకటి కొనుక్కోండి. కవరు విప్పకుండానే పైనుంచి మొనలు చూడొచ్చు. ఒక మొన వంగి కొక్కెంలా ఉన్నా, కట్టలో ఒకటి పొడుగ్గా తన్నుకొచ్చినా, టంకం బుడిపె కట్టినా, అది తాలు. పక్కన పెట్టెయ్యండి. దాంతో పని చేస్తే గీతలో గీరుడు వస్తుంది, మానేటప్పుడు పొక్కు లేస్తుంది, నింద మీ చేతి మీద పడుతుంది.

కవరు మీద నాలుగు సంగతులు చూడాలి. సీలు ఎక్కడా లేవలేదు గదా, చెమ్మ లేదు గదా. గడువు తేదీ దాటలేదు గదా. లాట్ నంబరు ఉందా. ఇ.ఓ. గ్యాస్‌తో శుద్ధి చేసినట్టు చూపే రంగు గుర్తు, కంపెనీ డబ్బా మీద చెప్పిన రంగుకు మారిందా. ఈ నాలుగింట్లో ఒకటి సరిగా లేకపోయినా డబ్బా వాపసు. వాడిన ప్రతి సూది లాట్ నంబరు కస్టమర్ పేరు ఎదురుగా రాసిపెట్టండి. రేపు ఏదైనా తేడా వస్తే మిమ్మల్ని కాపాడేది ఆ నోటు పుస్తకమే.

సూది, గొట్టం కలిసే వచ్చే కాట్రిడ్జ్ అయితే మరో పరీక్ష. వెనక కాడను నొక్కి వదిలితే సూది టక్కున లోపలికి పోవాలి. లోపల మెంబ్రేన్ అనే రబ్బరు పొర ఉంటుంది. ఇంకు, రక్తం వెనక్కి మిషన్‌లోకి ఎక్కకుండా ఆపేది అదే. చవగ్గా దొరికే వాటిలో ఆ పొర ఉండకపోవచ్చు. కాట్రిడ్జ్ కొత్తదే వేసినా మిషన్‌లో నిన్నటి మనిషి రక్తం ఉంటే కొత్తదనానికి అర్థం లేదు. పాత పద్ధతి కడ్డీ సూదులు, ఉక్కు గొట్టాలు వాడేవాళ్లు గొట్టాలను కడిగి, ప్యాక్ చేసి, ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల ఆవిరిలో 30 నిమిషాలు ఉంచాలి. వేడినీళ్లు, డెటాల్, నీలి లైటు పెట్టె, ఈ మూడూ ఆటోక్లేవ్ పని చెయ్యవు. అది కొనలేకపోతే, వాడి పారేసే గొట్టాలే కొనండి.

ఒక మనిషి, ఒక సూది

తిరనాళ్లలో బ్యాటరీ మిషన్ పెట్టుకుని, ఒకే సూదితో వరసగా పదిమందికి పొడిచే దుకాణాలు మనందరం చూశాం. మధ్యలో స్పిరిట్ దూదితో ఒక తుడుపు. దాని ఖరీదు తెలుసుకోండి. టీకా వేయించుకోని మనిషికి హెపటైటిస్-బి రక్తం అంటిన సూది గుచ్చుకుంటే వందలో 6 నుంచి 30 మందికి సోకవచ్చు. హెపటైటిస్-సి అయితే పాత అంచనాల్లో వందకు సుమారు ఇద్దరికి, హెచ్.ఐ.వి. అయితే వెయ్యికి ముగ్గురికి. హెపటైటిస్-బి క్రిమి ఎండిన రక్తపు మరకలో కూడా కనీసం ఏడు రోజులు బతుకుతుంది. ఎయిడ్స్ ముమ్మరంగా ఉన్న రోజుల్లో రాష్ట్రంలో ఎక్కువ దెబ్బ తిన్న జిల్లాల్లో గుంటూరు, ప్రకాశం ఉన్నాయి. ఈ పని చేసేవాడు ఆ సంగతి మరిచిపోకూడదు.

మీ ఒంటికి మొదటి రక్షణ టీకా. హెపటైటిస్-బి టీకా మూడు డోసులు, మొదటి రోజు, నెలకు, ఆరు నెలలకు. అది పూర్తి కాకుండా మనిషి మీద సూది పెట్టకండి. పొరపాటున వాడిన సూది మీకే గుచ్చుకుంటే, పిండకండి, సబ్బుతో, పారే నీళ్లతో కడిగి, గంటల్లో ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి. హెచ్.ఐ.వి. సోకకుండా ఇచ్చే మందు 72 గంటల లోపు మొదలవ్వాలి, 28 రోజులు వాడాలి. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 1097కి ఫోన్ చెయ్యండి.

సూది కొత్తదైతే చాలదు. 2011 చివర్లో అమెరికాలోని రోచెస్టర్‌లో 19 మందికి పచ్చబొట్టు మీద మొండి పొక్కులు లేచాయి. ఆరా తీస్తే తప్పు సూదిది కాదని తేలింది, ముందే నీళ్లు కలిపి సీసాలో నింపి అమ్మిన బూడిదరంగు ఇంకులో క్రిమి ఉంది. ఇంకు పలచన చెయ్యాలంటే ఇంజెక్షన్లకు వాడే శుద్ధజలమే. కుళాయి నీళ్లు, క్యాన్ నీళ్లు రెండూ వద్దు. మనిషికో చిన్న ఇంకు కప్పు, మిగిలింది సీసాలో తిరిగి పొయ్యకండి.

వాడిన సూది సంచిలో కట్టి చెత్తబండిలో వేస్తే, తెల్లారి పారిశుద్ధ్య కార్మికురాలి చేతికి గుచ్చుకునేది అదే. ఆసుపత్రుల్లో సూదులకు తెల్లటి, గుచ్చినా చిల్లు పడని డబ్బా ఉంటుంది. అలాంటిది బల్ల పక్కనే ఉంచండి. మూడొంతులు నిండగానే మూసేసి, ఆసుపత్రి వ్యర్థాల బండి వచ్చే నర్సింగ్ హోమ్‌తోనో, ల్యాబ్‌తోనో మాట్లాడుకుని అప్పగించండి. సూది ఖర్చు, గ్లౌజు ఖర్చు, డబ్బా ఖర్చు ముందే రేటులో కలిపి చెప్పండి. బేరంలో రేటు తగ్గినా ఇవి తగ్గవు. బొమ్మ చిన్నది చెయ్యండి, అంతే.

పంట చూసి తేదీ

పైచర్మం మానడానికి రెండు మూడు వారాలు, లోపల పూర్తిగా కుదురుకోవడానికి ఒకటి రెండు నెలలు పట్టొచ్చు. ఆ రెండు మూడు వారాలు కస్టమర్ ఏం పని చేస్తాడో అడగకుండా తేదీ ఇవ్వకండి. మిరపకాయ కోతల్లో ఉన్న మనిషి చేతికి తాజా గాయం ఉంటే ఏమవుతుందో గుంటూరు వాళ్లకు చెప్పక్కర్లేదు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా కోతకు, కళ్లాలకు వెళ్లేవాళ్లకు నేను చేతుల మీద పని పెట్టుకోను. యార్డు హమాలీలకు ఎండాకాలం సెలవులిచ్చే రోజులు మంచివి, చెమట పట్టని నీడలో ఉంటామంటేనే. పత్తి తీతలో ఉన్నవాళ్లకు కాయ డొప్పలు గీరుకుంటాయి. జిన్నింగ్ మిల్లు వాళ్లకు దూది ధూళి పచ్చి గాయానికి అంటుకుంటుంది. పొలంలో మందు కొట్టేవాళ్లకు సంగతి ఇంకా ముదురు. రైతుకు పత్తి, మిరప రెండూ ముగిసి దుక్కి మొదలయ్యే లోపల దొరికే ఖాళీయే అచ్చమైన ముహూర్తం.

గాయం మీద పసుపు మెత్తడం పాత అలవాటు. ఇంట్లో పెద్దవాళ్లు చెబుతారు, మర్యాదగా వద్దనండి. సబ్బు, శుభ్రమైన నీళ్లు, డాక్టరు చెప్పిన పలచటి పూత చాలు. పక్కు గిల్లకూడదు.

సూది పెట్టని పని

కొన్ని చేతులకు సరైన సూది ఏదంటే, తియ్యకుండా ఉంచినదే. పద్దెనిమిది నిండనివాళ్లు, తాగి వచ్చినవాళ్లు, కడుపుతో ఉన్నవాళ్లు, షుగరు అదుపులో లేనివాళ్లు, రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్లు. చివరి ఇద్దరిని డాక్టర్ని అడిగి రమ్మనండి.

ఉద్యోగ ప్రయత్నాల్లో ఉన్న కుర్రాళ్లను ఒక ప్రశ్న తప్పకుండా అడగాలి, ఆర్మీకి గానీ పోలీసుకు గానీ రాస్తున్నావా అని. సైన్యంలో శాశ్వత పచ్చబొట్టుకు ముంజేతి లోపలి వైపు, మోచేతి నుంచి మణికట్టు దాకా, లేదా చేతి వెనక వైపు మాత్రమే అనుమతి. గిరిజనులకు వాళ్ల ఆచారాన్ని బట్టి సడలింపు ఉంది. కేంద్ర సాయుధ బలగాల్లో కుడిచెయ్యి సెల్యూట్ చేసే చెయ్యి కాబట్టి ముంజేతి మీదైతే ఎడమ చేతి లోపలి వైపే, అదీ ఆ భాగంలో పావు వంతుకు తక్కువే ఉండాలి. భుజం మీద సింహం వేసి మూడు వందలు ఎక్కువ తీసుకోవచ్చు, అతని మూడేళ్ల పరుగు ప్రాక్టీసు పోతుంది. నోటిఫికేషన్ చదువుకుని రమ్మని పంపండి. అలాగే పచ్చబొట్టు పడ్డాక ఏడాదిపాటు రక్తదానానికి తీసుకోరని కూడా ముందే చెప్పండి.

మళ్లీ ఆ రెండు చేతులు

కుర్రాడికి ముంజేతి లోపలి వైపు, రెండు సెంటీమీటర్ల ఎత్తున, 1207 లైనర్‌తో ‘అమ్మ’. మ ఒత్తుకు మాత్రం 1205కి మారాను. అరగంట పని. శివరాత్రికి ప్రభ కట్టే పనికి వెళ్తానన్నాడు, తాడు లాగే పని పెట్టుకోవద్దని మాట తీసుకున్నాను.

పెద్దావిడను ముందు షుగరు ఉందా అని అడిగాను. లేదంది. మరకంతా మళ్లీ దిద్దితే ఆ చర్మం ఆగదని తెలుసు. 1205, లాంగ్ టేపర్, మిషన్ జోరు సగానికి తగ్గించి, కోట అంచు, పైన మూడు ఆకులు మాత్రం ఒక్కసారి తిప్పాను. లోపలి నీలాన్ని అలాగే వదిలేశాను. అది నీడలా కుదిరింది. దూరం నుంచి చూస్తే తులసికోట మళ్లీ తులసికోటలా కనపడింది.

అయ్యాక కాట్రిడ్జ్ ఊడదీసి తెల్ల డబ్బాలో వేస్తుంటే ఆవిడ ఆపింది. “ఇంకా బాగానే ఉందిగా, అప్పుడే పారేస్తున్నావేం? నాకు పొడిచినామె సూదులు పమిట కొంగుకి కట్టుకుని పోయింది.”

“ఇది మీ చేతికని తీసిన సూది పెద్దమ్మా. ఇంకొకరికి పనికిరాదు.”

ఆవిడ కాసేపు డబ్బా వంక చూసి, మనవడి వైపు తిరిగి, “నీ సూది కూడా అందులోనే పడిందా లేదా, చూశావా?” అని అడిగింది. ఇన్నేళ్లలో ఆ మాట అడిగిన కస్టమర్ ఆవిడ ఒక్కతే. అప్పట్నుంచీ డబ్బాను బల్ల కింద పెట్టడం మానేసి, కూర్చున్నవాళ్లకు కనపడేలా పైన పెడుతున్నాను.